మీర్‌పేటకు ఇచ్చిన పెనాల్టీ

మొన్న ఆదివారం మా మనవడూ వాడి స్నేహితులు నలుగురూ కలిసి మా కొత్తపేట ఫ్లాటు హాలును చేపల మార్కెట్టు చేశారు. టీవీలో ఏదో ఫుట్‌బాల్ పోటీ. ఓడితే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమేనట. చివర్లో పెనాల్టీ ఇచ్చేసరికి ఒకడు దిండు విసిరికొట్టాడు. తగల్లేదని ఇద్దరు, తగిలింది కండ్లు లేవా అని ఇద్దరు. అంతలో తెర మీద అదే దృశ్యాన్ని నిదానంగా నాలుగు దిక్కుల నుంచి చూపించారు. బంతి వచ్చి మోచేతి కింద తగలడం స్పష్టంగా కనపడింది. పిల్లలు "అరే" అనుకుని చిప్స్ మీద పడ్డారు, వాళ్లకు అక్కడితో అయిపోయింది. నేను మాత్రం లేచి బాల్కనీలోకి వెళ్లి చువ్వలు పట్టుకున్నాను. మనవడు వెనకాలే వచ్చి "తాతా, లేచొచ్చినవేంది, షుగర్ డౌన్ అయిందా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకేం చెప్పను?

ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ ఈ రోడ్డును మేం బెజవాడ రోడ్డు అనేవాళ్లం. మా దిల్‌సుఖ్‌నగర్ అంటే నాలుగైదు వరుసల పెంకుటిళ్లు, ఒక చాయ్ హోటల్, ఒక సైకిల్ షాపు, బస్సు తిరిగే జాగా. అది దాటితే కొత్తపేట దాకా రెండు పక్కలా ద్రాక్ష తోటలే. ఇవాళ ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోటికి మేం రేగిపళ్లు ఏరుకోవడానికి వెళ్లేవాళ్లం. ఎండలు ముదిరే వేళ తోటల మీదుగా గాలి వీస్తే, రాలిపడి పులిసిన ద్రాక్ష వాసనా తీగలకు కొట్టే మైలుతుత్తం వాసనా కలిసి ఇళ్లలోకి వచ్చేవి. మా ఇంట్లో వాటికి గంజి వాసన తోడు. నాయిన పోచంపల్లి వైపు ఊళ్ల నుంచి చీరల మూటలు తెచ్చి సిటీ దుకాణాలకు వేసేవాడు. మూట విప్పిన రోజు అమ్మ మమ్మల్ని చేతులు కడుక్కోకుండా గడప దాటనిచ్చేది కాదు.

ఆ ఏడు బడులు నడవలేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలని, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు వెనక్కి పోవాలని లేచిన తొలి ఉద్యమం రోజులవి. మొదట్లో మాకు పండగే. పుస్తకాల సంచీ మేకుకు తగిలించి పొద్దస్తమానం తోటల్లో తిరిగాం, పటేలు తోటలో కాయలు తెంపి కావలివాడి చేతిలో తన్నులు తిన్నాం. తర్వాత తర్వాత పెద్దవాళ్ల గొంతులు తగ్గడం మొదలైంది. అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్లు మేం దగ్గరికి పోగానే వానల సంగతి ఎత్తుకునేవారు. సిటీలో కాల్పులు జరిగాయని, కర్ఫ్యూ పెట్టారని, ఫలానా వాళ్ల పిల్లవాడు ఇంటికి రాలేదని ముక్కలు ముక్కలుగా చెవిన పడేది. బస్సులు బందయితే నాయిన ఊళ్లోనే చిక్కుకుపోయేవాడు, నాలుగేసి రోజులు కబురుండేది కాదు. అమ్మ బయటికి ఏమీ అనేది కాదు గానీ పొయ్యి మీద పప్పు మాడిపోయేది. నేను ఆ మాడు వాసనకే భయపడేవాడిని.

మా ఇంటి రెండో భాగంలో మేమంతా సారు అనే ఒకాయన కిరాయికుండేవారు. గుంటూరు వైపు మనిషి, ఏదో సర్కారు ఆఫీసులో గుమస్తా. చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు ఆడారట. ఇక్కడికి వచ్చాక ఆదివారాలు తెల్ల నిక్కరు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని చుట్టుపక్కల మ్యాచ్‌లన్నిటికీ రెఫరీగా వెళ్లేవారు. కొత్తపేటవాళ్లయినా, అల్మాస్‌గూడవాళ్లయినా, మీర్‌పేటవాళ్లయినా ఆయనే కావాలనేవారు. ఆయనకు ఏ ఊరి మీదా పక్షపాతం లేదని అప్పట్లో అదే పెద్ద గుణంగా చెప్పుకునేవారు. సారు భార్య నాచేత పిన్నీ అని పిలిపించుకునేది. రెండు భాగాలకూ మధ్య ఒకటే గోడ, దానికో చిన్న గూడు. ఆ గూట్లోంచి ఆమె గోంగూర పచ్చడి గిన్నె ఇటు తోసేది, అమ్మ బియ్యప్పిండితో సర్వపిండి చేసి అటు పంపేది. వాళ్ల మూడేళ్ల పాప సర్వపిండి బొక్కల్లో వేలు దూర్చి ఉంగరమని అందరికీ చూపించేది.

ఆ ఎండాకాలం తోట పటేలు ఒక ఫుట్‌బాల్ కప్పు పెట్టాడు. పిల్లలు ఊరికే ఉంటే ఊరేగింపుల్లో పడి తుపాకులకు ఎదురుపోతున్నారని, కాసేపన్నా బంతి వెనక పరిగెత్తనీయమని ఆయన ఆలోచన. ఎనిమిది జట్లు, ఓడితే ఇంటికే. మా జట్టు ఫుల్‌బ్యాక్ ఊరేగింపులో దొరికిపోయి జైల్లో ఉంటే ఆ జాగాలో నన్ను దింపారు. నాకు పద్నాలుగేళ్లు. మా కెప్టెన్ కాలేజీ పిల్లవాడు. పొద్దున ఊరేగింపు ముందు నడిచేవాడు, సాయంత్రం జట్టు ముందు నడిచేవాడు. ఆయన నా భుజం మీద చెయ్యేసి "నువ్వు మనోనివిరా, భయపడకు" అంటే నాకు రెండు రోజులు అన్నం సహించేది కాదు, అంత సంతోషం. ఆయన కోపం కూడా నేను చూసి ఉన్నాను. అదీ లోపల ఒక మూల కదులుతూనే ఉండేది.

సెమీఫైనల్ మీర్‌పేటతో. ద్రాక్ష తోట వెనక గట్టి నేల మీద, వట్టి కాళ్లతో ఆట. సారు రెఫరీ. ఒక్కో జట్టు తరపున ఒక్కో లైన్స్‌మన్ ఉండాలి, మా తరపున మా చిన్నాయిన. నాయినకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు, చీరల మూటలు సైకిల్ మీద దుకాణాలకు వేసేవాడు. జెండా లేక ఎర్ర తువ్వాల పట్టుకుని గీత వెంబడి పరిగెత్తాడు. ఆట అయిపోవస్తోంది, ఇద్దరికీ గోల్ లేదు. వాళ్ల ఎడమ కాలి ఆటగాడు దగ్గర్నుంచి బలంగా కొట్టాడు. బంతి నా మొహం మీదికే వస్తున్నట్టనిపించి చెయ్యి అడ్డం పెట్టాను. కావాలని పెట్టలేదు, భయపడి పెట్టాను. మోచేతి కింద ఛెళ్లుమంది. బంతి పక్కకు పోయింది. ఈల మోగింది. సారు చెయ్యి చాపి పెనాల్టీ జాగా చూపించారు.

జనం ఒక్కసారి గీత దాటి లోపలికి వచ్చేశారు. మా దగ్గర ఒక పద్ధతుండేది. తగిలిందీ తగల్లేదని తగాదా వస్తే ఆ ఆటగాడు బంతి మీద చెయ్యేసి తల్లి మీద ఒట్టు వెయ్యాలి. వేస్తే ఇక ఎవరూ మాట్లాడకూడదు, ఎదుటి జట్టు కూడా వెనక్కి తగ్గేది. సారు ఒక్కరే దాన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. నేను చూసింది చాలు, పిల్లల్తో ఒట్లు వేయించకండి అనేవారు. ఆ రోజు కెప్టెన్ బంతిని తెచ్చి నా ముందు పెట్టాడు.

"చెప్పురా. తగిలిందా?"

చుట్టూ వందమంది మొహాలు. బంతి తోలు ఎండకు కాలుతోంది. దాని మీద చెయ్యేశాను.

"అమ్మతోడు, తగల్లే."

సారు నా వైపు చూశారు. కోప్పడలేదు. ఎవరి అన్నమో కింద పడిపోతే చూసినట్టు చూసి, బంతి తీసుకుని పెనాల్టీ చుక్క మీద పెట్టారు. మీర్‌పేట వాడు కొట్టాడు, మా గోలీ కుడి వైపు దూకాడు, బంతి ఎడమ వైపు పోయింది. ఓడిపోయాం.

ఆ సాయంత్రం నుంచి చాయ్ హోటల్లో వేరే మాట లేదు. పాలరాయి బల్ల మీద సాసరు గోల్, రస్కు ముక్క మీర్‌పేట ఆటగాడు, ఉప్పు డబ్బీ నేను. రోజుకు నలభైసార్లు రస్కు వచ్చి ఉప్పు డబ్బీ మీద పడేది.

"అసలు మన ఫార్వర్డ్‌లు ఏం చేసిండ్రని? రెండు మ్యాచులు కలిపి ఒక్క గోల్. గదేమన్న ఆటనా?" అని సైకిల్ షాపాయన.

"గోలీ కుడి దిక్కు ఎందుకు దుంకిండు? వాడు ఎడమ కాలోడని కొత్తపేట మ్యాచ్ల సూడలేదా?" అని మరొకాయన.

"పెనాల్టీ ఇచ్చినంక ఎటు దుంకితే ఏందన్నా? ఇచ్చుడే తప్పు," అనేవాడు కెప్టెన్. "పిలగాడు తల్లి మీద ఒట్టేసిండు. ఒట్టేసినంక గూడ ఇచ్చిండంటే, మన ఒట్టుకు ఇలువ లేనట్టేనా?"

ఆ మాటతో వాదన దారి మళ్లింది. నేను బల్ల కొసన కూర్చుని విన్నాను. నన్ను లేవనిచ్చేవాళ్లు కాదు, సాక్షిని కదా. హోటల్ సేటు డబ్బులు తీసుకోకుండా చాయ్ పోయించేవాడు, అది నా ముందే చల్లారిపోయేది. చిన్నాయిన అందరికంటే గట్టిగా అరిచేవాడు. గోలీని తిట్టేవాడు, నేల ఎగుడుదిగుడని తిట్టేవాడు, ఎండను తిట్టేవాడు. చెయ్యి సంగతి వస్తే మాత్రం సాసర్లో చాయ్ పోసుకునేవాడు.

"ఒక్క మాట అడుగుత," అన్నాడు సైకిల్ షాపాయన మర్నాడు. "మీర్‌పేటోళ్లు గూడ మనోళ్లే గద. సారు వాళ్లకిస్తె ఆయనకేమొస్తది?"

కెప్టెన్ నవ్వలేదు. "మనోళ్లు మనోళ్లు కొట్లాడుకోవాల్నని ఇచ్చిండు. గదే వాళ్ల తెలివి."

సైకిల్ షాపాయన రస్కు తీసి నోట్లో వేసుకున్నాడు. అప్పటిదాకా మా రెఫరీ మాకు సారు, ఇక మీద "వాళ్లు" అయిపోయాడు.

పటేలు తలనొప్పి వదిలించుకోవడానికి ఒక తీర్పు చెప్పాడు. పొరపాటు జరిగిందని రెఫరీ కాగితం మీద రాసిస్తే మ్యాచ్ మళ్లీ పెడతాను, ఆదివారం లోపల తేల్చుకోండి అన్నాడు. వెంటనే పదిమంది మా ఇంటి ముందుకు వచ్చారు. సారు బనీను మీద చొక్కా తొడుక్కుని అరుగు మీదికి వచ్చారు. పాప ఆయన పంచె పట్టుకుని వేలాడుతోంది.

"చెయ్యి తగిలిందండీ. నేను చూశాను. తగల్లేదని ఎలా రాసేది?" అన్నారు.

"పిలగాడు ఒట్టేసిండు సార్."

"ఒట్టు సంగతి వాణ్ణి అడగండి. ఆట సంగతి నన్నడగండి."

నేను మా గడప లోపల తలుపు చాటున ఉన్నాను. ఆయన ఇటు తిరగలేదు, తిరిగితే ఏమైపోయేవాడినో. కెప్టెన్ మెల్లగా, మర్యాదగా అన్నాడు. "సార్, మంచిగ చెప్తున్నం. దినాలు మంచిగ లేవు. జర ఆలోచన చెయ్యుండ్రి."

తెల్లారి సారు తలుపు మీద బొగ్గుతో రెండే మాటలు రాసి ఉన్నాయి. ఐతారం దాంక. ఆదివారం వరకే గడువని. పిన్ని తడిగుడ్డతో తుడుస్తుంటే అక్షరాలు పోలేదు, తలుపంతా నల్లగా అలుక్కుపోయింది. ఆమె తుడుస్తూనే ఉంది. పాప వచ్చి "అమ్మా, నేను తుడుత్తా" అని చెయ్యి పెడితే ఎన్నడూ కొట్టనిది ఒక్కటిచ్చింది. గూట్లోంచి గోంగూర గిన్నె రావడం మానేసింది. అమ్మ సర్వపిండి పెడితే అలాగే ఉండిపోయి చీమలు పట్టింది.

ఆ గూట్లోంచి అన్నీ వినిపించేవి.

"రాసిచ్చేయండి. మీకు పుణ్యముంటది. ఆటేగా?" అంటోంది పిన్ని. "పసిదాన్ని పెట్టుకుని ఎక్కడికి పోతాం?"

"రాసిస్తే ఊరుకుంటారా? ఇంకో నెలకి ఇంకోటి రాయమంటారు."

"అప్పుడు చూసుకుందాం. ఇప్పుడైతే బతుకుతాం గదా."

సారు గ్లాసులో నీళ్లు పోసుకున్న చప్పుడైంది. తర్వాత, "ఆ కుర్రాడి చెయ్యి ఎర్రగా కందిపోయింది, చూశావా? ఆ రోజు సాయంత్రం నేను చూశాను," అన్నారు. నేను గోడకు అంటుకుపోయి నా మోచెయ్యి చూసుకున్నాను. నిజమే, అక్కడ తోలు కుట్టు అచ్చు ఇంకా గులాబీ రంగులో ఉంది. ఆ రోజు నుంచి ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాను. ఎవరైనా చొక్కా మడిచి చూస్తారేమోనని నిద్రలో కూడా చెయ్యి కింద పెట్టుకుని పడుకునేవాడిని.

శుక్రవారం అమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. బంతి మీద చెయ్యేసి అబద్ధం చెబితే తల్లి దక్కదని మా ఈడు పిల్లలందరికీ తెలుసు. వెనకటికి ఒకడు అబద్ధపు ఒట్టు వేస్తే ఆర్నెల్లకు వాళ్లమ్మ పోయిందని మేమే ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. నాయిన ఊళ్లో ఉన్నాడు, బస్సుల్లేవు. చిన్నాయిన మందుబిళ్ల తెచ్చి ఇచ్చి హోటల్‌కు పోయాడు. నేను అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, గుడ్డ వేడెక్కిన ప్రతిసారీ నా వల్లనే వేడెక్కిందనుకున్నాను. దేవుడా, సారు ఏమైపోయినా సరే అమ్మ బతకాలని మొక్కుకున్నాను. మరు నిమిషానికి ఆ మొక్కుకే సిగ్గుతో చచ్చిపోయాను. గోడ అవతల పాప ఏదో పాట పాడుకుంటోంది.

శనివారం పొద్దున ఇంక ఆగలేకపోయాను.

"అమ్మా, తగిలిందే."

"ఏందిరా?"

"బాల్. చేతికి తగిలింది. నేను ఉత్తగనే ఒట్టేసిన. నువ్వు చచ్చిపోతవా అమ్మా?"

అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. కొడుతుందనుకున్నాను. లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుని, గోడ గూటి వైపు చూసింది.

"నీ ఒట్టుకు నేను చావను గని, గా పిల్లతల్లి ఏం పాపం చేసిందిరా? రేపు ఐతారం. నడువ్."

"ఎక్కడికే?"

"ఎవల ముందల ఒట్టేస్తివో గాళ్ల దగ్గరికి."

జ్వరంతోనే చెద్దరు కప్పుకుని నాతో వచ్చింది. ఆడవాళ్లు హోటల్లోకి పోయే రోజులు కావు. ఎదురుగా సైకిల్ షాపు మెట్టు మీద కూర్చుని "పో" అంది. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఆమె అలాగే కూర్చుని ఉంది, పళ్లు కొట్టుకుంటున్నాయి. నా జన్మలో అంత పొడుగు రోడ్డు నేను దాటలేదు.

లోపల రస్కూ ఉప్పు డబ్బీ సాగుతున్నాయి. కెప్టెన్ ఉన్నాడు, చిన్నాయిన ఉన్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు. చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టాను. మచ్చ దాదాపు పోయింది, నాకు మాత్రమే కనపడేంత మిగిలింది.

"అన్నా, చెయ్యి తగిలింది. సారుది తప్పు లేదు. నేనే భయపడి ఒట్టేసిన."

కెప్టెన్ నా చెయ్యి వైపు చూడనే లేదు. నా మొహం చూశాడు.

"ఎవరు నేర్పిండ్రురా నీకు?"

"ఎవ్వరు నేర్పలే."

"మీ ఇంట్లనే కిరాయికుంటడు గద. ఏడ్చిండ్రా? కాళ్లు మొక్కిండ్రా? లేకుంటే కిరాయి పోతదని మీ అమ్మ చెప్పిచ్చిందా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తలతిప్పి చిన్నాయిన వైపు చూశాను. నా పక్క గీత మీద తువ్వాల పట్టుకుని ఆయనే కదా ఉన్నది. బంతికీ ఆయనకీ మధ్య నాలుగడుగులు.

"చిన్నాయినా, నువ్వు చెప్పు. నువ్వు ఆడనే ఉంటివి గద."

అందరూ ఆయన వైపు తిరిగారు. చిన్నాయిన సాసరు కింద పెట్టాడు. తడి వేళ్లు తువ్వాలకు తుడుచుకున్నాడు.

"నాకు కనవడలే. ఎండ కండ్లల్ల కొట్టింది," అన్నాడు.

"విన్నవా?" అన్నాడు కెప్టెన్ నాతో. "పో, ఇంటికి పో. పిలగానివి, నిన్నేమనం."

నేను చెప్పిన నిజంతో సారు మీద కోపం తగ్గకపోగా రెట్టింపయింది. పిలగాణ్ని కూడా భయపెట్టి మాట మార్పిస్తున్నారని చీకటిపడేలోగా దిల్‌సుఖ్‌నగర్ అంతా చెప్పుకున్నారు. దీపాలు పెట్టే వేళకు మా పెంకుల మీద రాళ్లు పడ్డాయి. అటు భాగం మీద ఎక్కువ, ఇటు కొన్ని. అమ్మ నన్ను మంచం కిందికి తోసి తానూ దూరింది. ప్రతి రాయికీ ముందు పెంకు పగిలిన చప్పుడు, తర్వాత పాప కేక. కాసేపటికి రాళ్లు ఆగాయి, పాప కేక మాత్రం ఆగలేదు. అమ్మ మంచం కిందనుంచి పాకుతూ వెళ్లి గూట్లో నోరు పెట్టి "చెల్లే, చెల్లే, దెబ్బలేమన్న తాకినయా?" అని అడిగింది. "లేదక్కా, పెంకు ముక్కలే," అంది పిన్ని. అంతలోకే ఆ గొంతు బొంగురుపోయి గుర్తుపట్టరాకుండా అయింది.

ఆదివారం పొద్దున్నే జట్కా వచ్చింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక పరుపు చుట్ట, స్టవ్వు. సారు కాగితం రాయలేదు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి, కిటికీ రెక్కల వెనక మాత్రం మనుషులున్నారు. అమ్మ పెరుగన్నం మూట పిన్ని చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. నేను అరుగు అంచున నిలబడి ఏడుస్తూంటే సారు దగ్గరికి వచ్చారు. ఏదో అంటారని కళ్లు మూసుకున్నాను.

"హోటల్‌కి వెళ్లి చెప్పావంట గదా. విన్నాను." కాస్త ఆగారు. "బ్యాక్‌లో బాగా ఆడతావురా నువ్వు. బంతి మీదికొచ్చినప్పుడు చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకో. అది ఒక్కటి నేర్చుకో."

జట్కా మలక్‌పేట వైపు కదిలింది. పాప వెనక చెక్క మీద కూర్చుని నాకు చెయ్యి ఊపింది, ఊరికి పోతున్నామని దానికి సంతోషంగా ఉంది. సారు చెప్పిన ఆ చివరి మాట దయ అని నాకు చాలా కాలం అనిపించలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండునని, తిట్టు తిన్నవాడిగానైనా మిగిలేవాడినని ఏడ్చాను. అమ్మ జ్వరం మరో రెండు రోజుల్లో తగ్గింది.

రెఫరీ కాగితం లేదు కాబట్టి మ్యాచ్ మళ్లీ పెట్టనన్నాడు పటేలు. మీర్‌పేట ఫైనల్‌కు వెళ్లింది, కప్పు గెలిచింది. మేం బహుమతి పంపకానికి కూడా పోలేదు.

తొలకరి పడ్డాక, ఉద్యమం కాస్త చల్లబడి బడులు తెరుస్తారని మాటలు వినపడుతున్న రోజుల్లో, చిన్నాయిన నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టుకుని హోటల్‌కు తీసుకెళ్లాడు. బయట వాన. లోపల ఉల్లిగడ్డ సమోసాల వాసన, తడి బట్టల వాసన. మళ్లీ రస్కు వచ్చింది, ఉప్పు డబ్బీ వచ్చింది. ఈ ఏడు జట్టు ఎందుకు ఓడిందని నిదానంగా, హాయిగా మాట్లాడుకుంటున్నారు. గోలీకి కాళ్లు లేవన్నారు, ఫార్వర్డ్‌లకు ఊపిరి లేదన్నారు. అప్పుడు చిన్నాయిన చాయ్ ఊదుకుంటూ, ఏమీ కానట్టే అన్నాడు.

"నిజం మాట్లాడుకుంటే అది పెనాల్టే. నా ముందల్నే తగిలింది. ఛెళ్లుమని చప్పుడు గూడ ఇన్న."

కెప్టెన్ లేచి మీద పడతాడనుకున్నాను. ఆయన సమోసా తుంచుతూ తలూపాడు.

"అవ్, నేను గూడ సూసిన. చెయ్యి గింత పైకి లేపిండు పోరడు."

సైకిల్ షాపాయన నవ్వాడు. వాళ్లను చూసి మరొకాయన నవ్వాడు. అందరూ చూశారు. ఆ రోజు గీత మీద నిలబడ్డవాళ్లంతా చూశారు. నా నెత్తి మీద ఎవరో సరదాగా తట్టి "బాల్ మీద ఒట్టేస్తివి గదరా దొంగా" అన్నారు. పెంకుల మీద రాళ్లు పడినప్పుడు మంచం కింద నేను ఎంత భయపడ్డానో, ఆ నవ్వులకు అంతకంటే భయపడ్డాను. వాళ్లు చెడ్డవాళ్లయి ఉంటే నాకు తేలికగా ఉండేది. రోజూ నాకు చాయ్ పోయించినవాళ్లే, అమ్మకు మందుబిళ్ల తెచ్చినవాడే.

వాన వెలిశాక చిన్నాయిన సైకిల్ నడిపిస్తూ, నేను పక్కన నడుస్తూ ఇంటికి బయల్దేరాం. అటు భాగానికి కొత్తగా ఎవరో వచ్చారు, పగిలిన పెంకులు మార్చారు. గుమ్మం కనపడుతుండగా అడిగాను.

"అప్పుడు ఎందుకు చెప్పలే చిన్నాయినా?"

ఆయన సైకిల్ హ్యాండిల్ మీద చేతులు మార్చుకున్నాడు.

"అప్పుడెట్ల చెప్తంరా? చెప్తే నన్ను గూడ వాళ్లల్ల కలిపేస్తుండ్రి. నువ్వు చెప్పినవ్ గద. ఏమైంది?"

"నువ్వు గూడ చెప్తే ఇద్దరమైతుంటిమి," అన్నాను.

చిన్నాయిన సైకిల్ ఆపాడు. బెల్లు మీద నిలిచిన వాన నీటిని బొటనవేలితో తుడిచాడు. ఆ రోజే కాదు, తర్వాత నలభై ఏళ్లు బతికినా ఆ మాటకు జవాబు చెప్పలేదు. ఆయన్ని నేను ఎంతో ప్రేమించాను, చివరి రోజుల్లో దవాఖానలో మంచం పక్కన కూర్చున్నది నేనే. అప్పుడు కూడా ఆయన నా కళ్లలోకి చూసినప్పుడల్లా నాకు తెలుసు, మేమిద్దరం ఆ వీధిలోనే ఆగిపోయి ఉన్నామని.